తెల్లబిళ్ళ తిప్పేముందు

మా ఆయన ప్లంబర్. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో కారుతున్న కుళాయి కనిపిస్తే ఎక్కడైనా ఆగారు గానీ, నన్ను సరదాగా ఒక చోటికి తీసుకెళ్ళిన పాపాన పోలేదు. చుట్టపుచూపుగా ఎవరింటికైనా వెళ్తే, చెయ్యి కడుక్కుని వస్తానని లేచిన మనిషి అరగంటైనా రారు. వెళ్ళి చూస్తే వాళ్ళ సింకు కింద సగం దూరి, పానా కోసం చెయ్యి చాపుతూ ఉంటారు. అందుకని ఈసారి మా అమ్మాయే పూనుకుంది. జాతీయ పార్కు లోపల, అడవి మధ్యలో వేడినీటి ఊట ఉందనీ, దాని పక్కనే ఉన్న పాతకాలపు చెక్క లాడ్జిలో మూడు రాత్రులకి గది తీసుకున్నాననీ, ఎదురు చెప్పకుండా వెళ్ళి రమ్మనీ ఫోన్ చేసి చెప్పింది.

"సోమవారం నుంచి అంత పని పెట్టుకుని ఇప్పుడు అడవుల్లో తిరగమంటావా?" అని ఆయన గొణిగారు.

"ఆదివారం సాయంత్రానికి ఇంట్లో ఉంటారు కదా నాన్నా. అమ్మ మోకాళ్ళ కోసమైనా వెళ్ళండి. ఆ నీళ్ళు మంచివట."

నా మోకాళ్ళ పేరెత్తాక ఆయన వెళ్ళి సంచులు దించారు.

ఆ సోమవారం పని గురించి ముందే చెప్పెయ్యాలి. మా ఊళ్ళో పెద్ద వృద్ధాశ్రమం ఉంది. మూడంతస్తులు, నలభై రెండు స్నానాల గదులు. అక్కడ వేడినీళ్ళ లైను మొత్తం పీకేసి కొత్తది వెయ్యాలి. ఎంతమంది ప్లంబర్లు చుట్టూ తిరిగినా, అక్కడి మేనేజరమ్మ మా ఆయనే కావాలని పట్టుబట్టింది. "ఈ ఒక్క పనీ చేసి పానా పక్కన పెట్టేస్తానే. ఇది చాలు నాకు," అని ఆయన నెల రోజులుగా అంటూనే ఉన్నారు. కాగితాల మీద పైపుల గీతలు గీస్తూ, చెరుపుతూ, మళ్ళీ గీస్తూ తెగ మురిసిపోయారు. నాకూ గర్వంగానే ఉంది. కూరగాయలమ్మే ఆవిడతో సహా వీధంతా చాటాను.

గురువారం మధ్యాహ్నం పార్కు గేటు దగ్గర బస్సు దిగాం. గార్డు మా సంచులు రెండూ బల్ల మీద బోర్లించాడు. సబ్బు, గాజు సీసా, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ కవర్లు లోపలికి తీసుకెళ్ళకూడదట. నా తలనూనె సీసా తీసి పక్కన పెట్టాడు. మా ఆయన తువ్వాలు విదిలిస్తే అందులోంచి పానా జారిపడింది.

"ఇదెందుకు సార్?"

"అలవాటు," అన్నారు ఆయన, దొరికిపోయిన దొంగలా.

"నన్నైనా ఇంట్లో మర్చిపోతారు గానీ దాన్ని మర్చిపోరు బాబూ," అన్నాను. గార్డు నవ్వి పానా తిరిగి ఇచ్చేశాడు. గేటు దాటాక ఫోన్లో సిగ్నల్ పోయింది. అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు నడక. నా మోకాళ్ళ కోసం వచ్చిన ప్రయాణంలో ముందుగా అరిగినవి నా మోకాళ్ళే.

లాడ్జి అంటే ఒకే వరసలో ఎనిమిది చెక్క గదులు, ముందు పొడుగాటి వసారా. గదిలో రెండు మంచాలు, నాలుగు కంబళ్ళు, ఒక రేకు బేసిను, గోడకి మూడు మేకులు. కరెంటు లేదు. సాయంత్రం రెండు గంటలు మాత్రం సోలార్ బల్బు వెలుగుతుంది. గదికీ గదికీ మధ్య పలకల గోడ. పక్కగదిలోవాళ్ళు ఆవులిస్తే మనకీ ఆవులింత వస్తుంది. చుట్టుపక్కలంతా కుళ్ళిన గుడ్డు వాసన. అది ఊటలో ఉన్న గంధకం వాసనట. మొదటి గంట ముక్కు మూసుకున్నాను, రెండో గంటకి మర్చిపోయాను.

ముప్పై మెట్లు దిగితే రాతితో కట్టిన స్నానాలగది. తొట్టి ఒక్కటే, రెండు మంచాలంత ఉంటుంది. ఒక్కొక్కరికీ అరగంట వంతు. దాన్ని చూసుకునే ఆవిడని అందరూ నీళ్ళక్క అంటారు. అరవై దగ్గర పడిన మనిషి, చీర చెంగు బిగించి, ఎప్పుడూ ఏదో ఒకటి రుద్దుతూ కనిపిస్తుంది. వెళ్ళగానే మా ఇద్దరినీ తొట్టి దగ్గర నిలబెట్టి పాఠం చెప్పింది.

"ఇక్కడ పద్ధతి ఒకటేనండీ. తొట్టిలోంచి లేచినవాళ్ళే వెనకవాళ్ళకి నీళ్ళు కలిపి పెట్టాలి. ముందు సగం నీళ్ళు వదిలెయ్యండి. ఆ అడ్డపలక ఎత్తితే ఊట నీళ్ళు వస్తాయి. అవి చర్మం ఊడొచ్చేంత వేడి. ఈ చక్రం తిప్పితే అడుగు నుంచి వాగు నీళ్ళు వస్తాయి, చల్లవి. తలుపు తెరిచిపెట్టి కలపండి, లేకపోతే ఆవిరికి ఊపిరాడదు. చెయ్యి పెట్టి చూసి, సరిపోయిందనుకున్నాకే ఈ బిళ్ళ తిప్పండి."

తలుపు పక్కన మేకుకి అరచేతంత చెక్కబిళ్ళ వేలాడుతోంది. ఒక పక్క ఎరుపు, ఒక పక్క తెలుపు.

"ఎరుపుంటే ఎవరూ దిగరు. తెలుపుంటే ఇంక చూసుకోరు, నేరుగా దిగిపోతారు. కలిపినవాళ్ళదే పూచీ."

"ఒక థర్మామీటర్ పెట్టుకోవచ్చు కదా?" అని అడిగాను.

"ఉండేదమ్మా, గాజుది. పగిలి తొట్టిలో పడింది. అప్పట్నుంచీ పార్కు ఆఫీసరుగారు గాజన్నది లోపలికి రానివ్వట్లేదు. నేనొచ్చి ఇరవై ఆరేళ్ళయింది. చెయ్యి చాలు."

"నేనూ అదే అంటానమ్మా. చెయ్యి చాలు," అన్నారు మా ఆయన. అని ఊరుకోకుండా వెంటనే గోడవార కూర్చుని పైపుల వరస చూడడం మొదలుపెట్టారు. ఒక్కో పైపుకీ చెంప ఆనించి, కాసేపాగి, ఇంకోదానికి ఆనించారు. ఇంటి దగ్గర కూడా కొన్నాళ్ళుగా అలాగే చేస్తున్నారు.

"నీళ్ళు లోపల ఏం మాట్లాడుకుంటున్నాయో వింటారు," అన్నాను నీళ్ళక్కతో. ఆవిడ నవ్వలేదు. ఆయన చెంప వైపు చూసి, చేతుల వైపు చూసి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఏం మనిషో, ఒక నవ్వు నవ్వితే ముత్యాలు రాలిపోతాయా అనుకున్నాను.

మా పక్కగదిలో ఒక మామ్మగారు, ఆవిడ కూతురు దిగారు. కూతురు బ్యాంకులో పని చేస్తుందట. మామ్మకి ఎనభై దాటాయి. ఎండలో కూడా ఉన్ని టోపీ తియ్యదు కాబట్టి మేము టోపీ మామ్మ అనుకునేవాళ్ళం. ఆవిడవి మాత్రం పాము చెవులు. మేము గదిలో ఏం మాట్లాడుకున్నా, మర్నాడు వసారాలో దానికి జవాబు చెప్పేది.

శుక్రవారం పొద్దున్న టిఫినుకి గుడ్లు. ఊట పైన ఒక గుంట ఉంది. తీగబుట్టలో గుడ్లు పెట్టి అందులోకి దింపితే పావుగంటలో ఉడికిపోతాయి. నీళ్ళక్క బుట్ట పైకి లాగి రాతి మీద పెట్టింది. ఫొటోలు తీసుకునే ఒకాయన తొందరపడి గుడ్డు పట్టుకుని, "అబ్బా!" అని వదిలేశాడు. అది దొర్లి వాగులో పడింది. అందరూ నవ్వారు. మా ఆయన వంగి, వట్టి చేత్తో ఒక్కొక్క గుడ్డే తీసి, తాపీగా పళ్ళెంలో సర్దారు. పన్నెండు గుడ్లు.

"అమ్మో! మీ ఆయన చేతులు చేతులేనా?" అంది టోపీ మామ్మ.

నేను ఊరుకుంటానా? "ఇనుమండీ మా ఆయన చేతులు! పొయ్యి మీంచి దించిన టీ గ్లాసు వట్టి చేత్తో పట్టుకుని అలాగే తాగేస్తారు. మా చుట్టాలంతా ముందు అదే చూపించమంటారు," అన్నాను. ఫొటోలాయన అబ్బురంగా చూశాడు. మా ఆయన చిన్నగా నవ్వి చేతులు తువ్వాలు కింద పెట్టుకున్నారు. నీళ్ళక్క అప్పుడు కూడా నవ్వలేదు.

ఆ రోజంతా బాగా గడిచింది. తొట్టిలో దిగితే నా మోకాళ్ళు నావేనా అనిపించింది. మెట్లు ఎక్కుతుంటే ఒక్కసారి కూడా "అమ్మా" అనలేదు. ఆయన తన వంతు అయ్యాక నాకు నీళ్ళు కలిపి పెట్టారు, భేషుగ్గా ఉన్నాయి. అడ్డపలక ఎంతసేపు ఎత్తాలి, చక్రం ఎన్ని చుట్లు తిప్పాలి అన్నది నీళ్ళక్క కలుపుతుంటే చూసి లెక్క పెట్టుకున్నానని ఆయన చెప్పారు. "నీళ్ళ లెక్క ఒకసారి తెలిస్తే ఇంక తప్పేది లేదు," అన్నారు. అప్పుడు కూడా నేను గర్వపడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

శనివారం పొద్దున్న ఏడింటికి ఆయన వంతు, ఏడున్నరకి నాది, ఎనిమిదింటికి టోపీ మామ్మది. రాత్రంతా ఈదురుగాలి కొట్టింది. మెట్ల మీద ఆకులు, పుల్లలు. స్నానాలగది ముందు బెంచీ మీద నేనూ మామ్మా ఫొటోలాయనా కూర్చున్నాం. మామ్మ కాళ్ళు చలికి బిగుసుకుపోయి, ఆవిడ మొహం చూస్తేనే జాలేసింది.

"నా వంతులో మీరు దిగండి మామ్మగారూ. నాకేం తొందర?" అన్నాను. కూతురు టీ తేవడానికి పైకి వెళ్ళింది. నేనే పట్టుకుని దింపుతానన్నాను.

తెరిచిన తలుపులోంచి మా ఆయన నీళ్ళు కలపడం కనిపిస్తూనే ఉంది. అడ్డపలక ఎత్తారు, దించారు, చక్రం తిప్పారు, కట్టారు. వంగి నాలుగు వేళ్ళు ముంచి, బెంచీ వైపు చూసి తల ఊపారు. బయటికొచ్చి బిళ్ళ తెలుపు వైపుకి తిప్పి, తువ్వాలు భుజాన వేసుకుని మెట్లెక్కారు.

మామ్మని మెల్లగా తొట్టి దాకా నడిపించాను. తొట్టి మెట్లు జారతాయని, ఆవిడ చెయ్యి పట్టుకుని నేనే ఒక అడుగు ముందు దిగాను. రెండో మెట్టు మీద నా కుడికాలు చీలమండ దాకా నీళ్ళలోకి వెళ్ళింది.

నేను వేసిన కేక గేటు దాకా వినబడి ఉంటుంది. కాలు ఎలా లాక్కున్నానో తెలీదు, మామ్మని ఎలా వెనక్కి తోశానో తెలీదు. ఆవిడ గోడవార కూలబడింది, టోపీ కూడా ఊడలేదు. నీళ్ళక్క పరుగెత్తుకొచ్చి నన్ను రెండు చేతులా ఎత్తినట్టే లాక్కుపోయి, వాగు పైపు కింద కాలు పెట్టించి కూర్చోబెట్టింది. ఇరవై నిమిషాలు కాలు తియ్యనివ్వలేదు. పాదమంతా ఎర్రగా కందిపోయి, రెండు చోట్ల బొబ్బలు లేచాయి.

అప్పటికి మా ఆయన మెట్లన్నీ దూకుతూ వచ్చేశారు. ఫొటోలాయన, స్టీలు టీ గ్లాసులతో మామ్మ కూతురు, అందరూ చేరారు.

"ఎవరు కలిపారు?" అంది నీళ్ళక్క.

"నేనే."

"చెయ్యి పెట్టి చూశారా?"

"చూశానమ్మా. అందరూ చూస్తుండగానే చూశాను."

నీళ్ళక్క గది వెనక్కి వెళ్ళి, చల్లనీళ్ళ పైపు మొదట్లో ఉన్న జల్లెడ ఊడదీసి తెచ్చింది. గాలికి రాలిన ఆకులు దాన్ని నిండా కప్పేశాయి. ఆయన చక్రం లెక్కప్రకారమే తిప్పారు గానీ చల్లనీళ్ళు పావు వంతు కూడా రాలేదు. ఆ పైపు తొట్టి అడుగున తెరుచుకుంటుంది కాబట్టి కంటికి తెలియదు.

"అదీ సంగతి! జల్లెడ!" అని మా ఆయన ఆకుల్ని చూపించారు. మునిగేవాడికి దుంగ దొరికినట్టు ఆ జల్లెడ పట్టుకున్నారు. "ఇలా పూడిపోతే ఎవరికైనా ఇంతే కదా!"

"జల్లెడ సంగతి నేను చూసుకుంటా. చెయ్యి సంగతేంటి?" అంది నీళ్ళక్క.

ఆవిడ రెండు బకెట్లలో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "కళ్ళు మూసుకుని చెరో చెయ్యీ పెట్టండి. వేడివి ఏవో చెప్పండి."

"ఎందుకమ్మా ఇవన్నీ?"

"పెట్టండి," అన్నాను నేను, పైపు కింద కూర్చునే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన కళ్ళు మూసుకుని రెండు చేతులూ మణికట్టు దాకా ముంచారు. కాసేపు అటూ ఇటూ ఆలోచించి, "ఎడమది," అన్నారు.

రెండు బకెట్లూ వాగు నీళ్ళే. ఆ నీళ్ళు నా కాలి మీద పడుతున్నవే, ఎముకలు కొరికే చల్లన.  ఆయన కళ్ళు తెరిచి, అందరి మొహాలూ చూసి, ఏం జరిగిందో అర్థం చేసుకున్నారు. తడిచేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడిపోయారు.

ఎనిమిది నెలల కిందట డాక్టరు చెప్పేశాడట. షుగరు వల్ల వేళ్ళ చివర్లలో నరాలు చచ్చుబడ్డాయి, వేడీ చల్లనా తెలియవు, జాగ్రత్త అని. ఆ కాగితం పనిసంచిలో అడుగున పెట్టి, పైన పానాలు వేశారు. నట్టు వేళ్ళలో ఉందో జారిపోయిందో కంటితో చూసుకుంటున్నారు. పైపు వేడిగా ఉందో లేదో చెంపతో చూసుకుంటున్నారు. ఫోన్లో నంబరు నొక్కమంటే, కళ్ళద్దాలు లేవని నాకిస్తున్నారు. ఇదంతా గదిలోకి వచ్చాక, మంచం పట్టె మీద కూర్చుని, తల ఎత్తకుండా చెప్పారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మా ఆయనకి కాలిన సంగతే తెలీదు, ఇంక ఆకులెవరు పట్టుకుంటారు? ఆయన మీద కోపంతో నా ఒళ్ళు మండింది, కాలికంటే ఎక్కువ. అంతకంటే ఎక్కువ మండింది నా మీద నాకే. వేడి గ్లాసు పట్టుకున్న మొగుణ్ణి చూసి ఏ పెళ్ళామైనా "అదేంటండీ?" అని అడుగుతుంది. నేను చుట్టాలని పిలిచి చూపించాను, చప్పట్లు కొట్టించాను. ఆయన జబ్బుని నేను ఊరేగించాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

"మరి ఇక్కడ చెంప ఎందుకు ఆనించలేదు?" అని అడిగాను. పక్కగదిలో మామ్మ పడుకుంది కాబట్టి గుసగుసగానే అడిగాను. గుసగుసగా పోట్లాడడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

"బెంచీ మీద అందరూ చూస్తున్నారే. ప్లంబర్ని, తొట్టిలోకి వంగి చెంప పెడితే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? పిచ్చోడనుకుంటారు. అనుకోనీండి! మామ్మగారు ముందు దిగి ఉంటే?"

"నువ్వు దిగుతావనుకున్నానే."

"ఆహా! పెళ్ళానికైతే పర్వాలేదన్నమాట!"

"అది కాదే..." అని ఆయన గొంతు పెంచబోయి తగ్గించుకున్నారు. "ఇదిగో, సోమవారం దాకా ఎవరికీ చెప్పకు. అమ్మాయికి కూడా. అక్కడ నాకు నేనే కదా, చెంపతో చూసుకుంటాను. ఈ ఒక్క పనీ అయిపోతే ఇంక మానేస్తాను."

"థర్మామీటరు కొనుక్కోండి."

"ముప్పై ఏళ్ళ మేస్త్రీ థర్మామీటరు పట్టుకుని తిరిగితే రేపట్నుంచి ఎవరు పిలుస్తారు? ఆ మేనేజరమ్మ నా చెయ్యి నమ్మి ఇచ్చిందే పని. ఇది పోతే నేను ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి? గోడలు చూడాలా?"

ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు వణికింది. ఆ మనిషి గొంతు వణకడం నేను మా అత్తగారు పోయిన రోజు విన్నాను, మళ్ళీ ఇప్పుడే. జాలేసింది. అయినా చెప్పదలుచుకున్నది చెప్పేశాను.

"అక్కడ నలభై రెండు గదులు. ఒక్కో గదిలో ఒక్కో టోపీ మామ్మ. వాళ్ళకంటే ముందు దిగడానికి అక్కడ నేనుండను."

పలకల గోడ మీద టక్‌టక్‌మని చప్పుడైంది.

"గట్టిగానే మాట్లాడుకోండమ్మా," అంది మామ్మ అవతల నుంచి. "సగం వినబడి సగం వినబడక నాకు నిద్ర పట్టట్లేదు."

మేమిద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇంకో రోజైతే పగలబడి నవ్వేవాళ్ళం.

సాయంత్రం గార్డు కాలిన గాయాలకి రాసే మందు తెచ్చిచ్చాడు. ఆయన కింద కూర్చుని నా కాలు ఒళ్ళో పెట్టుకున్నారు. మందు వేలికి తీసుకుని రాయబోతే, వేలు సరిగ్గా బొబ్బ మీద గట్టిగా పడింది. ఎంత గట్టిగా నొక్కుతున్నారో ఆయనకి తెలీలేదు. నేను పళ్ళు బిగించి ఊరుకున్నాను గానీ మొహం దాచలేకపోయాను. ఆయన చెయ్యి తీసేసి, తన వేలు వైపు కాసేపు చూసుకున్నారు. తర్వాత నా కాలు వైపు చూడ్డం మానేసి, నా మొహం వైపే చూస్తూ, నేను కనుబొమ్మలు ముడిస్తే ఆపుతూ, విప్పితే రాస్తూ, మొత్తం పూర్తి చేశారు. ఆ పూట మేము సోమవారం మాట ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్న మా ఆఖరి వంతులు. నా కాలికి గుడ్డ కట్టుంది కాబట్టి నేను దిగేది లేదు. ఏడింటికి ఆయన, ఆ తర్వాత టోపీ మామ్మ. బెంచీ మీద నేను, మామ్మ, ఆవిడ కూతురు, ఫొటోలాయన వరసగా కూర్చున్నాం. మామ్మ కూతురు మాటిమాటికీ నా కాలు వైపు, తలుపు వైపు చూస్తోంది. పాపం, ఆవిణ్ణి అనడానికేం లేదు. నీళ్ళక్క చీపురు పట్టుకుని దూరంగా మెట్ల మీద నిలబడింది.

ఆయన స్నానం చేసి, బట్టలు కట్టుకుని, తలుపు తెరిచారు. ముందు బయటికొచ్చి జల్లెడ ఊడదీసి కడిగి పెట్టారు. సగం నీళ్ళు వదిలారు. అడ్డపలక ఎత్తారు, చక్రం తిప్పారు. కట్టేశాక వంగలేదు. వేళ్ళు ముంచలేదు. గుమ్మంలోకి వచ్చి, తువ్వాలు రెండు చేతులా పట్టుకుని మా ముందు నిలబడ్డారు. బిళ్ళ ఇంకా ఎరుపుగానే ఉంది.

"నీళ్ళు నేను కలిపాను," అన్నారు. "కానీ బిళ్ళ నేను తిప్పలేను. నా చేతికి వేడి తెలీదు. షుగరు. ఎనిమిది నెలలైంది. నిన్న చెప్పాల్సింది, చెప్పలేదు. మామ్మగారూ, తప్పైపోయింది. ఎవరైనా ఒకరొచ్చి చెయ్యి పెట్టి చూడండి."

మామ్మ కర్ర పట్టుకుని లేవబోయింది. "నువ్వుండమ్మా," అని కూతురు లేచింది. ఆ ఇద్దరికంటే ముందు నేనే కుంటుకుంటూ లోపలికి వెళ్ళాను. మోచెయ్యి ముంచాను.

"ఇంకొంచెం చల్లవి వదలండి."

ఆయన చక్రం తిప్పారు. నా మొహం వైపే చూస్తున్నారు, నిన్న మందు రాసినప్పటిలాగే.

"ఇంకొంచెం. ఆఁ, చాలు. కట్టెయ్యండి."

"సరిపోయిందా?"

"సరిపోయింది."

"బాగా చూడు."

"చూశానండీ. నా చెయ్యి ఇనుము కాదు, మామూలు చెయ్యే."

ఆయన బయటికి వచ్చి బిళ్ళ తెలుపుకి తిప్పారు. టోపీ మామ్మ చూసుకోకుండా నేరుగా దిగిపోయింది. మెడ దాకా మునిగి, కళ్ళు మూసుకుని, "ఇన్ని రోజుల్లో ఇవే మంచి నీళ్ళయ్యా," అంది. నీళ్ళక్క మెట్లు ఊడుస్తూ ఊడుస్తూ మా దగ్గరికొచ్చి, మొట్టమొదటిసారి నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. ముత్యాలు రాలిపోతాయని కాదు పాపం.

గేటు దగ్గర బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉంది. గార్డు నా నూనె సీసా తిరిగి ఇచ్చాడు. ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. ఫోన్లో సిగ్నల్ వచ్చింది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చారు.

"ఆశ్రమం మేనేజరమ్మ నంబరు నొక్కు."

"ఏం, కళ్ళద్దాలు జేబులోనే ఉన్నాయిగా," అన్నాను, ఉడుకుమోత్తనంతో.

"కళ్ళు బాగానే ఉన్నాయే. వేళ్ళకే తెలీట్లేదు."

నంబరు నొక్కి, ఆయన చెవి దగ్గర పెట్టాను.

"మేడమ్, ప్లంబర్ని. రేపటి పని గురించి... లేదు లేదు, వస్తాను. వచ్చేముందు మీకొక సంగతి చెప్పాలి." చెప్పారు. దాచకుండా, డాక్టరు మాటతో సహా చెప్పారు. నా కాలు సంగతి కూడా చెప్పారు.  తర్వాత ఆవిడ ఏదో అడిగింది. ఆయన నా వైపు చూశారు.

"థర్మామీటరు కొంటానండి. ప్రతి కుళాయికీ వేడి మించకుండా ఆపే వాల్వు పెడతాను. ఆ తర్వాత మా ఆవిడ చెయ్యి పెట్టి చూస్తుంది, నలభై రెండు గదుల్లోనూ. ఆవిడ సరే అన్నాకే గది మీకు అప్పగిస్తాను."

నన్ను ఒక్క మాట అడగలేదు! అడవిలో మూడు రోజులున్నా బుద్ధి మారలేదు అనుకున్నాను. అయినా కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను.

"ఆలోచించి పది నిమిషాల్లో చేస్తానంది," అని ఆయన ఫోన్ బల్ల మీద పెట్టారు. "వద్దంటే వద్దంటుంది. అనకుండా ఎలా ఉంటుంది?"

టీ కొట్టువాడు రెండు గాజు గ్లాసులు తెచ్చి పెట్టాడు. పైన ఆవిరి లేస్తోంది. ఆయన చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళి, సగంలో ఆగిపోయింది. వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నారు. నేను ఆయన గ్లాసు కొంగుతో పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను. చూపుడువేలు ఆనించి చూశాను, చుర్రుమంది.

"అయిందా?" అన్నారు.

"ఇంకా లేదు."

రోడ్డు మీద ఒక లారీ వెళ్ళింది. మేమిద్దరం ఫోన్ వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నాం.

"ఇప్పుడు?"

"కాస్త ఆగండి."

ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. మేనేజరమ్మ ఆయనకిమ్మని అడగలేదు. "రేపు తొమ్మిదింటికి రండమ్మా. ఇద్దరూ," అని పెట్టేసింది. ఆ మాటే ఆయనకి చెప్పాను. ఆయన తల వంచుకుని, తువ్వాలు చివరతో కళ్ళు తుడుచుకున్నారు. నేను మళ్ళీ వేలు ఆనించి చూసి, గ్లాసు తీసి ఆయన రెండు చేతుల్లో పెట్టాను.

"చల్లారిపోయిందేమో," అన్నారు.

"తాగండి. సరిగ్గా ఉంది," అన్నాను.